ఎయిర్‌ఫీల్డుల జ్ఞాపకాలు రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది, చదివాను. ఇంగ్లండ్‌లో లింకన్‌లో చదువుకుంటూ, సెలవు దొరికితే చాలు సైకిలేసుకుని చుట్టుపక్కల పాత ఎయిర్‌ఫీల్డులకు వెళ్తున్నావనీ, అక్కడి పెద్దవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ మాటలు రాసుకుంటున్నావనీ తెలిసి చాలా సంతోషమేసింది. మా అబ్బాయి దగ్గరున్న రోజుల్లో నేనూ ఆ లింకన్‌షైర్ దారుల్లో తిరిగినదాన్నే. అందుకే నీ వ్యాసం మీద మమకారం కొంచెం ఎక్కువ. మొహమాటం పక్కనబెట్టి చెప్తున్నాను, ఓపిగ్గా చదువు.

మొదటి నాలుగు పేజీల్లో రెండో ప్రపంచ యుద్ధపు లాంకాస్టర్ బాంబర్ విమానం ఉంది, మనిషి లేడు. 1941 జనవరిలో తొలిసారి ఎగిరిందని, నాలుగు మెర్లిన్ ఇంజన్లని, మొత్తం 7,377 తయారయ్యాయని రాశావు. అన్నీ నిజాలే. కానీ అవన్నీ చదివాక కూడా ఆ విమానం లోపల ఎలా ఉంటుందో నాకు తెలియలేదు. వైర్‌లెస్ ఆపరేటర్ కూర్చునే చోటే హీటర్ గొట్టం తెరుచుకునేదని, అతను చెమటలు కక్కుతుంటే తోకలో గన్నర్ చలికి కొయ్యబారిపోయేవాడని రాసి చూడు. ఏడుగురు మనుషులు ఇరుక్కుని కూర్చున్న చోటు అప్పుడు కనిపిస్తుంది.

ఆ తోక గన్నర్ దగ్గర ఇంకాసేపు ఆగు. రాత్రిపూట ఎదురుగా మరక లేకుండా కనిపించాలని చాలామంది గన్నర్లు టరెట్, అంటే తాము కూర్చునే తుపాకుల గూడు, ముందున్న అద్దం పలక తీయించేసేవారు. గాలి నేరుగా మొహానికి కొట్టేది. పారాచూట్‌కి టరెట్‌లో చోటు లేదు. అది వెనక, విమానం గోడకి తగిలించి ఉండేది. విమానం అంటుకుంటే టరెట్ తలుపులు తీసి, చెయ్యి వెనక్కి చాచి దాన్ని అందుకుని, తగిలించుకుని, అప్పుడు దూకాలి. ఈస్ట్ కిర్క్‌బీ పాత ఎయిర్‌ఫీల్డ్‌లో కాపాడిన లాంకాస్టర్‌లో ఆ తలుపు దగ్గర నిలబడి చూశాను నేను. మందపాటి చలి కోటు, చేతికి పొరలు పొరలుగా గ్లోవ్స్ వేసుకున్న కుర్రాడు ఆ సందులోంచి చెయ్యి ఎలా చాచాడా అని చాలాసేపు అక్కణ్ణించి కదల్లేకపోయాను. నీ నాలుగు పేజీల ఇంజన్ల వివరాలకన్నా ఈ చెయ్యి ఒక్కటి ఎక్కువ చెబుతుంది.

ఇక అసలు సంగతి. నువ్వు కలిసిన పెద్దాయన ఏం చెబితే అది రాసేశావు. అది గౌరవమే, కాదనను. కానీ జ్ఞాపకం అన్ని విషయాల్లోనూ ఒకేలా నమ్మదగ్గది కాదు. చప్పుడు, వాసన, చలి, భయం, ఎవరు ఏ కుర్చీలో కూర్చునేవారు, వీటి దగ్గర మనిషి దాదాపు తప్పు చెప్పడు. తేదీల దగ్గర, అంకెల దగ్గర, ఏ రాత్రి ఏ ఊరి మీదికి వెళ్ళారన్న దగ్గర తడబడతాడు. అందుకని మొదటి రకం వివరాలు మనిషి నోటినుంచి తీసుకో. రెండో రకం కాగితం నుంచి తీసుకో. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో స్క్వాడ్రన్ల, అంటే విమాన దళాల, ఆపరేషన్స్ రికార్డు పుస్తకాలున్నాయి. ఎయిర్ 27 అన్న వరుసలో అడగాలి. వాటిలో ఫారం 541 అని ఉంటుంది: విమానం నంబరు, సిబ్బంది పేర్లు, పైకి లేచిన టైము, దిగిన టైము. ఇంకా ఏ ఇంట్లోనైనా తాతగారు ఎగిరిన ప్రతిసారీ రాసుకున్న లాగ్‌బుక్ చూపిస్తే పేజీ పేజీ ఫొటో తీసుకో. పగటి దాడులు పచ్చ సిరాతో, రాత్రి దాడులు ఎర్ర సిరాతో రాసుకోవడం బాంబర్ వాళ్ళ అలవాటు. ఒక పేజీ నిండా ఎరుపు కనిపించిందంటే ఆ నెలలో ఆ మనిషికి నిద్ర ఎలా పట్టి ఉంటుందో ఊహించు. ముప్పై దాడులు పూర్తయితే ఒక విడత అయినట్టు, విశ్రాంతి ఇచ్చేవారు. చాలామంది పుస్తకాలు అంతదాకా వెళ్ళలేదు.

కాగితం, జ్ఞాపకం ఒకదాన్నొకటి కాదంటే ఏం చెయ్యాలని అడిగావు. రెండూ రాయి. "ఆయన నవంబర్ అంటున్నారు, రికార్డులో జనవరి ఉంది" అని ఒక్క వాక్యం చాలు. ఆయన్ని చిన్నబుచ్చకుండా రాయడం నీకు చేతనవును, వ్యాసం చదివితేనే తెలుస్తోంది.

ఎగిరినవాళ్ళ గురించి చాలా రాశారు, ఇంకా రాస్తారు. నువ్వు నేలమీద ఉండిపోయినవాళ్ళ వైపు తిరుగు. ఒక్క విమానం లేవాలంటే ఇంజన్లు చూసే ఫిట్టర్లు, విమానం ఒళ్ళు చూసే రిగ్గర్లు, బాంబులు ఎక్కించేవాళ్ళు, పెట్రోల్ పోసేవాళ్ళు ఎంతమంది కావాలి! ఎయిర్‌ఫీల్డ్ అంచున ఒక్కో విమానానికీ ఒక సిమెంటు చప్టా. దాని పక్కన దొరికిన చెక్కలతో కట్టుకున్న గుడిసె. వాళ్ళ కాపురమంతా అక్కడే. విమానం మాది, రాత్రికి మాత్రం మీకు అరువిస్తున్నాం అన్నట్టు ఉండేవాళ్ళు ఎగిరే కుర్రాళ్ళతో. తెల్లవారుజామున ఆ చప్టా ఖాళీగా ఉండిపోతే ఆ మెకానిక్కు తను బిగించిన నట్టు ఏదో వదులైందేమోనని బతికినన్నాళ్ళూ బెంగే.

ఆడవాళ్ళను మరిచిపోకు. పారాచూట్లు మడిచింది వాళ్ళు, సిబ్బందిని వ్యాన్లలో విమానం దాకా దింపింది వాళ్ళు, కంట్రోల్ టవర్లో బోర్డు మీద రాసింది వాళ్ళు. ఆ బోర్డు గురించి తప్పకుండా అడుగు. లేచిన టైము గడి నిండి ఉంటుంది, దిగిన టైము గడి ఒక్కొక్కటే నిండుతుంది. కొన్ని నిండవు. సుద్దముక్క చేతిలో పట్టుకున్న ఇరవయ్యేళ్ళ పిల్ల పెట్రోల్ అయిపోయే టైము లెక్కవేసుకుంటూ ఎంతసేపు నిలబడేదో, ఆ తర్వాత ఎవరు ఆ వరుస తుడిచేవారో, ఇలాంటివి రికార్డుల్లో దొరకవు. రికార్డులో ఉండేది ఒకటే మాట, లేచిన తర్వాత ఏ కబురూ లేదని. మర్నాడు అడ్జస్ట్‌మెంట్ కమిటీ వాళ్ళొచ్చి పోయినవాడి పెట్టె సర్దేవారు. ఇంటికి పంపకూడని ఉత్తరాలేమైనా ఉంటే తీసేసేవారు. ఆ పని చేసినవాళ్ళను తల్చుకుంటే నాకు గొంతు పట్టుకుంటుంది.

అంకెలు అసలు వద్దనను. లింకన్ దగ్గర కొండ మీద ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ ఉంది కదా, నీకు దగ్గరే. అక్కడి స్తంభం ఎత్తు 102 అడుగులు. లాంకాస్టర్ రెక్కల వెడల్పూ అంతే. చుట్టూ గోడల మీద దాదాపు 58,000 పేర్లు. బాంబర్ కమాండ్‌లో, అంటే బ్రిటిష్ వైమానిక దళంలో బాంబులు వేసే విభాగంలో, ఎగిరినవాళ్ళు లక్షా పాతికవేల మంది, వాళ్ళలో పోయినవాళ్ళు 55,573 అని చెప్పే లెక్క ఎప్పటిదో. నూటికి నలభై నాలుగు! ఇలాంటి అంకెను ఒక్కసారే, సరైన చోట వాడు. దాని పక్కన ఇంకో అంకె పెట్టకు.

అదే సెంటర్ వాళ్ళు బాంబులు పడ్డ ఊళ్ళవాళ్ళ జ్ఞాపకాలు కూడా పోగుచేశారు. ఇది నీ వ్యాసంలో పూర్తిగా లోపించింది. స్కాంప్టన్ ఎయిర్‌ఫీల్డ్ గురించి రాస్తూ 1943 మే 16 రాత్రి 19 లాంకాస్టర్లు జర్మనీ డ్యాముల మీదికి వెళ్ళాయని, ఎనిమిది తిరిగి రాలేదని, 53 మంది చనిపోయారని రాశావు. బావుంది. మరి ఆ డ్యాము తెగి వచ్చిన నీళ్ళలో వెయ్యిమందికి పైగా కొట్టుకుపోయారు, వాళ్ళలో చాలామంది జర్మన్లే కాదు. నాజీలు బలవంతంగా పట్టుకొచ్చి పని చేయిస్తున్న పరాయి దేశాల వాళ్ళు, సోవియట్ ఆడవాళ్ళు. ఎగిరిన కుర్రాళ్ళ ధైర్యం దీనివల్ల తగ్గదు. కానీ ఈ సంగతి వదిలేస్తే నువ్వు రాసేది సగం కథ.

ఒక విషయం మాత్రం తొందర. యుద్ధం ముగిసి ఎనభై ఏళ్ళు దాటింది, అప్పటివాళ్ళు దొరకడం అరుదు. ఇప్పుడు నీకు ఎదురయ్యే పెద్దవాళ్ళలో ఎక్కువమంది యుద్ధం తర్వాత వచ్చిన వల్కన్ జెట్ బాంబర్ కాలం వాళ్ళు. లింకన్ పక్కనున్న వాడింగ్టన్ ఎయిర్‌ఫీల్డ్ దగ్గర నిలబెట్టిన ఎక్స్‌ఎం 607 వల్కన్‌ని చూసే ఉంటావు. 1982 ఏప్రిల్ 30 రాత్రి అట్లాంటిక్‌లోని అసెన్షన్ దీవి నుంచి లేచి, 6,000 కిలోమీటర్లకు పైగా వెళ్ళి, అర్జెంటీనా ఆక్రమించిన ఫాక్‌లాండ్స్‌లో స్టాన్లీ రన్‌వే మీద 21 బాంబులు వేసి తిరిగొచ్చింది అదే. దారిలో ఆకాశంలోనే ఇంధనం పట్టడానికి 11 విక్టర్ ట్యాంకర్లు లేచాయి. రన్‌వేకి తగిలింది ఒక్క బాంబు. ఇదంతా అందరూ రాసిందే. నాకు నచ్చేది ఇంకోటుంది. ఆ రాత్రి అసలు వెళ్ళాల్సింది ఇది కాదు. ముందు బయల్దేరిన వల్కన్‌కి పైలట్ పక్క కిటికీ సరిగా మూసుకోక లోపల గాలి ఒత్తిడి నిలవలేదు, వెనక్కి తిరిగింది. తోడుగా లేచిన 607 ముందుకెళ్ళింది. కిటికీ మూసుకుని ఉంటే ఈ రోజు వాడింగ్టన్ దగ్గర జనం ఫొటోలు తీసుకునేది వేరే విమానాన్ని.

వల్కన్‌లో పనిచేసినవాళ్ళను కలిస్తే ఈ ప్రశ్న అడుగు. ముందు కూర్చునే ఇద్దరు పైలట్లకే ప్రమాదంలో మనిషిని బయటికి విసిరేసే ఎజెక్షన్ సీట్లుండేవి. వెనక కూర్చునే ముగ్గురికీ లేవు, వాళ్ళు కిందనున్న తలుపులోంచి దూకాలి. ఆ ఐదుగురూ ఒకే బల్ల దగ్గర టీ తాగేటప్పుడు ఈ తేడా గురించి మాట్లాడుకునేవాళ్ళా? లేక ఎవరూ ఎత్తేవారు కాదా? జవాబు చెప్పకపోయినా, ఆయన ఎంతసేపు ఊరుకున్నాడో రాయి.

ఈస్ట్ కిర్క్‌బీ గురించి నువ్వు రాసిన పేరా మొత్తంలోకీ బావుంది. ఫ్రెడ్, హెరాల్డ్ పాంటన్ అనే రైతు అన్నదమ్ములు, 1944 మార్చిలో నూరెంబర్గ్ దాడిలో పోయిన అన్న క్రిస్టఫర్ కోసం ఆ పాత ఎయిర్‌ఫీల్డ్‌నీ, ఒక లాంకాస్టర్‌నీ సంపాదించి కాపాడారు. కోళ్ళ ఫారాలు నడుపుకునే మనుషులు! దాన్ని ఇంకొంచెం పెంచు. అక్కడ రన్‌వేల ఆకారం కూడా రాయి. అప్పట్లో మూడు రన్‌వేలు ఒకదాన్నొకటి కోస్తూ వేసేవారు, పెద్దది 2,000 గజాలు, గాలి ఏ వైపు వీచినా ఒకటి పనికొచ్చేలా. ఇప్పుడు చాలాచోట్ల ఆ కాంక్రీటు మీద కోళ్ళ షెడ్లున్నాయి, పక్కన గోధుమ చేలున్నాయి.

చివరిగా, తెలుగు పాఠకులకు ఇదంతా ఎందుకని ఎవరో నిన్ను అడిగారట. వాళ్ళకి వాదనతో జవాబు చెప్పకు, లండన్‌లో హెండన్ మ్యూజియంకి వెళ్ళిరా. హెండన్ కూడా పాత ఎయిర్‌ఫీల్డే. అక్కడ ఎఫ్ 1010 అనే నంబరున్న, మొదటి యుద్ధం నాటి డీహెచ్ 9ఏ బాంబర్ విమానం ఉంది. 1918లో 110వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ నిజాం ఇప్పించిన విమానాల్లో అదొకటి. వాటిమీద ఆయన కానుక అన్న రాత ఉండేది, స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ చేరింది. ఆ అక్టోబర్‌లో జర్మనీలో దిగిపోయి పట్టుబడింది, బెర్లిన్‌లో ప్రదర్శనకి పెట్టారు, తర్వాత పోలండ్ చేరింది, 1970ల చివర్లో ఇంగ్లండ్‌కి తిరిగొచ్చింది. నిజాం ఖజానా అంటే తెలంగాణ రైతు కట్టిన శిస్తు కూడా. అదే రకం విమానాలను మొదటి యుద్ధం తర్వాత ఇరాక్‌లోనూ, మన వాయవ్య సరిహద్దులోనూ పల్లెల మీద బాంబులు వేయడానికి వాడారు. ఈ రెండు సంగతులూ ఒకే పేజీలో ఉండాలి.

రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకూ హైదరాబాద్ పేరే. 152 వాళ్ళ చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. 1940 జులై నుంచి 152 వాళ్ళ స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు దక్షిణ ఇంగ్లండ్‌లో డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ గడ్డి మైదానం నుంచి ఎగిరాయి. ఇప్పుడక్కడ ఇళ్ళున్నాయి, కంకర తవ్వకాలు జరిగాయి, ఊరి చర్చి ఆవరణలో వైమానికుల సమాధులున్నాయి. లింకన్ నుంచి దూరమే, అయినా వెళ్ళు. సమాధుల మీద తేదీలు రాసుకుని క్యూ ఆర్కైవ్స్‌లోని 152 రికార్డుతో సరిచూడు. కంకర క్వారీ దగ్గరికి అడగకుండా వెళ్ళకు. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళెవరైనా కనిపిస్తే, తలపాగా బొమ్మ ఎవరిదో చిన్నప్పుడు ఎవరైనా చెప్పారా అని అడుగు. తిరిగి రాసిన ప్రతి నాకు పంపు. మొదటి నాలుగు పేజీలు లేకుండా పంపు.

ప్రేమతో,
మీ అత్తయ్య