మగ్గం వర్క్ కోసం బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా వారిది ప్రైవేటు ఉద్యోగం. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. గత ఆరు నెలల్లో 84 వేలు వచ్చాయి. సామానుకు 31 వేలు అయింది. అయినా చేతిలో ఏమీ మిగల్లేదు. చుట్టాలకు ఊరికే చేసిపెట్టినవి వేరే. ఇప్పుడు బంగారం పెట్టి 3 లక్షలతో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీన్ కొందామని ఆయన అంటున్నారు. కొనొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండి. సామాను పోగా మీకు మిగిలింది 53 వేలు, అంటే నెలకు 8,800. మూడు లక్షలు 9 శాతం వడ్డీకి తెచ్చి మూడేళ్లలో తీర్చాలన్నా నెల వాయిదా 9,500 దాటుతుంది. మీ సంపాదనంతా కట్టినా చాలదు. పైగా ఈ పని ముహూర్తాల మీద నడుస్తుంది. మాఘం, వైశాఖం, శ్రావణాల్లో అర్ధరాత్రి దాకా మగ్గం దగ్గరే ఉంటారు. ఆషాఢం వచ్చిందంటే ఫోనే మోగదు. వాయిదాకు మాత్రం మూఢం ఉండదు!

మెషీన్ ఉంటే ఆర్డర్లు పెరుగుతాయని మీ వారి ఆలోచన కావచ్చు. పెరగొచ్చు కూడా. కానీ అప్పుడు ఊళ్లో మెషీన్ ఉన్న ప్రతి షాపుతోనూ రేటు దగ్గర పోటీ పడాలి. ఇప్పుడు మీ దగ్గరికి వచ్చేవాళ్లు చేతిపని చూసి వస్తున్నారు. ముందు దానికి సరైన ధర రాబట్టండి.

ఎన్ని గంటలు పనిచేస్తారో మీరు రాయలేదు. రోజుకు నాలుగు గంటలు, నెలకు 25 రోజులు అనుకుంటే ఆరు నెలలకు 600 గంటలు. గంటకు 88 రూపాయలు పడింది. జర్దోసీ కుట్టే చేతికి ఇది చాలా తక్కువ. ఒక బ్లౌజుకు సామాను 700, పని 18 గంటలు పట్టిందనుకోండి. గంటకు 120 వేసుకున్నా 2,860 అవుతుంది. అంతకు తగ్గితే ఒప్పుకోకండి. సగం అడ్వాన్సు తీసుకున్నాకే గుడ్డను ఫ్రేముకు ఎక్కించండి.

చుట్టాల దగ్గర మొహమాటం నాకు తెలియనిది కాదు. పిన్ని కూతురి పెళ్లి బ్లౌజు కానుకగా చేయాలనిపిస్తే సంతోషంగా చేయండి. ఆ కుందన్ల ఖర్చు మాత్రం ఇంటి పద్దులోంచి రావాలి. మిగతా చుట్టాల దగ్గర కనీసం సామాను డబ్బు ముందే తీసుకోండి.

మిగలకపోవడానికి కారణం బహుశా ఫోన్‌పే. బ్లౌజు డబ్బు పడిన ఖాతాలోంచే పాలకు, స్కూలు ఫీజుకు పోతుంటుంది. ఈ పనికి వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. నెలకు ఇంతని మీకు మీరే జీతం వేసుకుని, మిగిలింది ఆషాఢం కోసం అందులోనే ఉంచండి. పన్ను, జీఎస్టీ టెన్షన్ ఈ స్థాయికి అక్కర్లేదు.

కుట్టు మిషనో, మగ్గం స్టాండో కొనాలంటే పీఎం విశ్వకర్మ పథకం గురించి అడగండి. అందులోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. అర్హత ఉంటే తనఖా లేకుండా, 5 శాతం వడ్డీకి తొలి విడతగా లక్ష వరకు ఇస్తారు, 18 నెలల్లో తీర్చాలి. కుటుంబంలో ఒక్కరికే. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్లో పెట్టుకోవచ్చు.

రెండు పెళ్లిళ్ల సీజన్లు లెక్క రాశాక, నెలకు 20 వేలు మిగులుతూ, ఆర్డర్లు వెనక్కి పంపాల్సి వస్తుంటే మెషీన్ సంగతి మళ్లీ రాయండి. అప్పుడైనా బంగారంలో సగానికి మించి పెట్టొద్దంటాను.