సంజ్ఞా భాష నేర్పితే మాట రాకుండా పోతుందా?

ప్రశ్న: నేను విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం చదువుతున్నాను. బధిరుల చదువులో సంజ్ఞా భాష స్థానం గురించి తోటి విద్యార్థుల అభిప్రాయాలు సేకరిస్తున్నాను. కాక్లియర్ ఇంప్లాంట్లు (శస్త్రచికిత్సతో చెవిలో అమర్చే వినికిడి పరికరాలు) వచ్చాక సంజ్ఞా భాషతో పనిలేదని, అది అలవాటైతే పిల్లలు మాట్లాడే ప్రయత్నమే మానేస్తారని చాలామంది అంటున్నారు. ఇందులో నిజమెంత?
– ఒక విద్యార్థిని

జవాబు: ఈ భయం చాలా పాతది. బధిరుల విద్యపై 1880లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ, బడుల్లో సంజ్ఞలు మాని నోటి మాటతోనే బోధించాలని తీర్మానించింది. ఓటు వేసినవారు దాదాపు అందరూ వినికిడి ఉన్నవారే. ఆ తర్వాత ఎన్నో దేశాల బడుల్లో పిల్లలు చేతులతో మాట్లాడుకోవడమే తప్పయింది. అదే మహాసభ 2010లో వాంకూవర్‌లో సమావేశమై ఆ తీర్మానాలను తిరస్కరించి, విచారం తెలిపింది. ఈ 130 ఏళ్లలో నష్టపోయిన తరాల గురించి మీ తోటివారికి తప్పక చెప్పండి.

సంజ్ఞా భాష నోటి మాటకు అడ్డుపడుతుందని ఎవరూ రుజువు చేయలేదు. అసలు ప్రమాదం ఆలస్యంలో ఉంది. బధిర శిశువుల్లో 90 శాతానికి పైగా వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు కాబట్టి, ఇంట్లో వాడే భాష ఆ బిడ్డకు పూర్తిగా అందదు. భాష సహజంగా పట్టుబడే తొలి ఏళ్లు అలాగే గడిచిపోతే, తర్వాత ఏ భాష నేర్చుకోవాలన్నా కష్టమే. ఇంప్లాంట్ ఎందరికో మేలు చేస్తోంది, కాదనను. అయితే ఫలితం ఒక్కో బిడ్డలో ఒక్కో విధంగా ఉంటుంది, శస్త్రచికిత్స తర్వాత దీర్ఘకాలం శిక్షణ కావాలి. అంతవరకు బిడ్డను ఏ భాషా లేకుండా ఉంచడం న్యాయం కాదు.

పెదవులు చూసి గ్రహించవచ్చు కదా అనేవారిని ఒకసారి అద్దం ముందు నిలబడి, గొంతు పలకకుండా ‘పాట, బాట, మాట’ అనమనండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. ఇక ఉపాధ్యాయుడు బోర్డువైపు తిరిగి రాస్తూ పాఠం చెబితే ఆ కాస్త ఆధారమూ పోతుంది.

సంజ్ఞలంటే మూగసైగలనే అపోహ కూడా మీకు ఎదురై ఉంటుంది. అమెరికన్ సంజ్ఞా భాషకు సొంత నిర్మాణం ఉందని భాషాశాస్త్రవేత్త విలియం స్టోకీ 1960లోనే చూపించారు. పలు సంజ్ఞా భాషల్లో కనుబొమలు పైకెత్తితే చాలు, అదే వాక్యం అవును-కాదు ప్రశ్నగా మారుతుంది, అది వ్యాకరణమే. సంజ్ఞా భాష ప్రపంచమంతా ఒక్కటే అన్నదీ నిజం కాదు. బ్రిటన్, అమెరికా రెండు చోట్లా మాట్లాడేది ఇంగ్లిషే అయినా, అక్కడి బధిరుల సంజ్ఞా భాషలు పూర్తిగా వేరు.

మీ సర్వేకు ఒక సూచన. బధిర విద్యార్థుల అభిప్రాయం లేకుండా దాన్ని ముగించకండి. వారిలో చాలామందికి రాత భాష రెండో భాష కనుక, ప్రశ్నలను సంజ్ఞా భాషలో వీడియోగా కూడా ఇవ్వండి, జవాబులనూ అలాగే స్వీకరించండి. ముఖాముఖిలో దుబాసీ ఉన్నా, మీరు ఆ విద్యార్థినే చూస్తూ ప్రశ్న అడగండి.