మోకాలి ఆపరేషన్‌కి ముందు అమ్మ బాగా భయపడుతోంది. దానివల్ల తర్వాత నొప్పి నిలిచిపోతుందా?

మీ అమ్మగారికి వచ్చే నెల నెల్లూరులో మోకాలి మార్పిడి అని, రాత్రుళ్ళు నిద్రపోవడం లేదని, "భయపడేవాళ్ళకి నొప్పి పోదంట" అని ఎవరో అన్నారని రాశారు. ఆ మాటలో కొంత నిజముంది. ఆమె ముందు మాత్రం అనకండి.

మాది కనిగిరి పక్క పల్లె. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన ఊరు, అమ్మ వయసువాళ్ళలో మోకాళ్ళు బాగున్నవాళ్ళు తక్కువ. అమ్మకి కుడికాలు ఒంగోలులో చేయించాం, రెండేళ్ళకి ఎడమకాలు. మొదటిసారి వారం ముందునుంచే ముద్ద దిగలేదు. నేను, నాన్న, చూడొచ్చినవాళ్ళు, అందరిదీ ఒకటే పాట: "ఏం కాదు, ధైర్యంగా ఉండు." దాంతో ఆమె నోరు మెదపడం మానేసింది. ధైర్యం వచ్చిందనుకున్నాం.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు వచ్చి తాళి, మెట్టెలు తీసెయ్యమంది. ఎవరూ ముందు చెప్పలేదు. నాన్న పక్కనే నిలబడున్నాడు. అమ్మ గొలుసు మీద వేసిన చెయ్యి తియ్యదు. మెట్టెలైతే వేళ్ళకి బిగుసుకుపోయి, సబ్బునీళ్ళు పోస్తేగానీ రాలేదు. ఏడుస్తూనే లోపలికి పోయింది.

ఆ కాలు ఎనిమిది నెలలు సతాయించింది. కుట్లు మానాయి, ఎక్స్‌రే బాగుంది. "అంతా బాగుంది కదమ్మా" అని డాక్టరు. "ఊరికే అంటావు" అని మేము. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఎందుకంటే ఆ నొప్పి నిజమైనదే.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు విడమర్చి చెప్పారు. మోకాలి నుంచి మెదడుకి కబురు పోవడమే కాదు, మెదడు నుంచి వెన్నుపాముకి కూడా కబుర్లు దిగుతాయి. అవి నొప్పిని తగ్గించనూ గలవు, పెంచనూ గలవు. వెన్నుపాములో గేటు లాంటిది ఉంటుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లోనే ప్రతిపాదించారు. భయం, నిద్రలేమి ఆ గేటుని బార్లా తెరిచిపెడతాయి. పైగా భయంతో కాలు కదపరు, కదపకపోతే బిగుసుకుంటుంది, బిగిసింది వంచితే ఇంకా నొప్పి.

మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి నొప్పి చాలాకాలం ఉంటుంది. 3 నెలలు దాటినా పోనిదాన్ని ఇప్పుడు విడిగా ఒక జబ్బుగానే లెక్కేస్తున్నారు. అందులో భయం ఒక పాలు మాత్రమే. ఆపరేషన్‌కి ముందే ఏళ్ళతరబడి నొప్పి ఉండటం, ఆపరేషనైన మొదటి రోజుల్లో నొప్పి అదుపులోకి రాకపోవడం, నరానికి దెబ్బ తగలడం, ఇవన్నీ ఉంటాయి. "ఇది ఇంక పోదు, నావల్ల కాదు" అని అదేపనిగా తలపోయడం ఉంది చూశారూ, మామూలు భయం కన్నా అదే ఎక్కువ చేటు. దాన్ని కొలవడానికి 13 ప్రశ్నల పత్రమే ఉంది.

ఎడమకాలికి ముందు "ఏం కాదు" అనడం మానేసి, "అమ్మా, ఏది భయం?" అని అడిగాను. మూడు చెప్పింది. తాళి. వెన్నులో సూది వేస్తే నడుం జన్మలో లేవదని ఎదురింటామె చెప్పిన మాట. "మజ్జలో మెలకువొస్తే ఎట్టా అబ్బయ్యా?" కాలు గురించి ఒక్క ముక్క లేదు!

రెండు రోజుల ముందే పిన్ని పసుపుతాడుకి పసుపు కొమ్ము కట్టి మెళ్ళో వేసింది. మత్తు డాక్టరు దగ్గరికి ముందురోజే తీసుకెళ్ళాను. నడుం కింద మొద్దుబారుతుందని, సుత్తి చప్పుడు వినపడినా నొప్పి తెలియదని, వద్దనుకుంటే నిద్రమందు ఇస్తామని ఆయన నింపాదిగా చెప్పారు. బయటికొచ్చాక అమ్మ ఇడ్లీ అడిగింది.

ఆ కాలూ నొప్పి పెట్టింది, మొదటి రెండు రాత్రులు అరిచింది కూడా. కానీ మర్నాడే వాకర్ పట్టుకుంది, మూడో నెలకి మాత్రలు ఆపేసింది. ఒకసారి చూసిన దారి కావడం కూడా కలిసొచ్చి ఉంటుంది, అంతా నా గొప్పేం కాదు.

నొప్పి ముదిరేదాకా ఓర్చుకోనివ్వకండి, మాత్రలు వేళకి పడాలి. జ్వరం, కుట్లలోంచి చీము, పిక్క వాపు, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా భయం ఖాతాలో వెయ్యకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి.

మెట్టెలు మాత్రం ఇంట్లోనే తీయించండి, సబ్బునీళ్ళతో, తీరిగ్గా.