ఇద్దరు సభ్యులతో పార్లమెంటులో ఏం సాధించవచ్చు: ఏబ్రహాం హీప్స్ అనుభవం

కార్మికుల తరఫున ఒకరిద్దరే గెలిచి పార్లమెంటుకు వెళితే ప్రయోజనం ఏమిటని మీరు అడిగారు. నేను కెనడాలోని విన్నిపెగ్‌లో, బస్సుల కర్మాగారంలో సీట్లకు కవర్లు బిగించే విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. యూనియన్ ప్రతినిధిగానూ ఉన్నాను. అందుకే ఈ ఊరివాడు, పైగా ఒక రకంగా నా వృత్తివాడే అయిన ఏబ్రహాం ఆల్బర్ట్ హీప్స్ గురించి చెబుతాను.

ఆయన 1885లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో, పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టారు. సోఫాలకూ కుర్చీలకూ మెత్తలు కూర్చి గుడ్డ వేసే పని నేర్చుకుని, 1911లో విన్నిపెగ్ చేరారు. 1919 మే 15న ముప్పై వేల మందికి పైగా కార్మికులు సార్వత్రిక సమ్మెకు దిగేనాటికి ఆయన నగరపాలక మండలి సభ్యుడు. జూన్ 17 వేకువకు ముందే పోలీసులు ఆయననూ ఇతర నాయకులనూ అరెస్టు చేశారు. బ్రిటన్‌లో పుట్టినవారిని కూడా దేశం నుంచి పంపించివేసేలా వలస చట్టాన్ని ప్రభుత్వం ఆ నెలలోనే సవరించింది. జూన్ 21న కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆనాడు జనం పక్కకు ఒరగదోసిన ట్రామ్‌కు గుర్తుగా నిలిపిన స్మారకాన్ని, ఒకసారి ఒక పెద్ద వయసు సహోద్యోగి నన్ను వెంటబెట్టుకువెళ్లి చూపించాడు. రాజద్రోహ కుట్ర కేసులో హీప్స్ లాయరును పెట్టుకోకుండా తన వాదన తానే వినిపించుకుని నిర్దోషిగా బయటపడ్డారు.

1925లో ఆయన ఉత్తర విన్నిపెగ్ నుంచి దిగువ సభకు ఎన్నికయ్యారు. సభలో లేబర్ (కార్మిక పక్ష) సభ్యులు ఇద్దరే: జె.ఎస్. వుడ్స్‌వర్త్, హీప్స్. అయితే ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు. ప్రధాని మెకెంజీ కింగ్ లిబరళ్లకు ప్రతిపక్ష కన్సర్వేటివ్‌ల కన్నా తక్కువ స్థానాలే ఉన్నాయి కాబట్టి, ప్రభుత్వం నిలవాలంటే ఇతర సభ్యుల ఓట్లు అవసరమయ్యాయి. 1926 జనవరిలో ఈ ఇద్దరూ రెండు పార్టీల నాయకులకూ ఉత్తరాలు రాసి, వృద్ధాప్య పింఛనుకూ నిరుద్యోగ బీమాకూ ఈ సమావేశాల్లోనే చట్టం తెస్తారా అని అడిగారు. కింగ్ పింఛను విషయంలో లిఖితపూర్వకంగా మాట ఇచ్చారు. బిల్లు దిగువ సభ దాటినా, ఎగువ సభ అయిన సెనేట్ తిరస్కరించింది. మళ్లీ ఎన్నికలు జరిగి కింగ్ తిరిగి వచ్చాక, 1927లో అది చట్టమైంది. 70 ఏళ్లు నిండిన నిరుపేదలకు నెలకు గరిష్ఠంగా 20 డాలర్లు. మూలవాసులను అందులోంచి మినహాయించడం ఆ చట్టానికి మచ్చే.

ఇందులో వారి సంఖ్య కన్నా అడిగిన సమయమే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. ఒకసారి మా కర్మాగారంలో బస్సులు అప్పగించవలసిన గడువు నెత్తిమీద ఉండగా, మా విభాగం నుంచి ఇద్దరమే వెళ్లి, దుమ్ము పీల్చే యంత్రాలు కావాలని అడిగితే వారంలో వచ్చాయి; అంతకుముందు ఏడాదిలో నలభై మంది సంతకాలతో ఇచ్చిన అర్జీకి జవాబే రాలేదు.

బలాబలాలు మారితే ఆ ఇద్దరికీ పట్టు ఉండదు. 1930లలో నాజీల బారినుంచి పారిపోతున్న యూదులను రానివ్వమని హీప్స్ ప్రభుత్వాన్ని ఎంతగానో వేడుకున్నారు. ఈసారి కింగ్ చేతిలో తిరుగులేని మెజారిటీ ఉంది, తలుపు తెరుచుకోలేదు. 1939లో యూదు శరణార్థులతో వచ్చిన సెయింట్ లూయీ నౌకను కూడా కెనడా రానివ్వలేదు. తనవారి కోసం ఆయన అడిగినదే ఆయనకు దక్కకపోవడం నన్ను ఎక్కువగా బాధించే సంగతి.

1940 మార్చి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. 1926 నాటి ఉత్తరంలో అడిగిన రెండో కోరిక, నిరుద్యోగ బీమా, ఆ ఏడాది వేసవిలోనే చట్టమైంది. అప్పటికి ఆయన సభలో లేరు. రెండు వారాలకొకసారి నాకు వచ్చే జీతపు చీటీలో ఆ బీమా కోసం కోసుకున్న మొత్తం ఇప్పటికీ ఒక వరుసలో కనిపిస్తుంది.