లోడెక్కితే ఇంజిన్ మూలుగుతోంది, ఏ ప్రొపెల్లర్ వెయ్యాలి?

ప్రశ్న: మాది అంతర్వేది. 24 అడుగుల ఫైబర్ తెప్పకి 9.9 హెచ్‌పి ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటార్ ఉంది. దానితో వచ్చిన మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్ మీద 9¼ × 10½ అని ఉంది. ఖాళీగా వెళ్తే బాగానే లాగుతుంది. వలలు, ఐసు, నలుగురు మనుషులు ఎక్కితే మాత్రం మూలుగుతుంది, పెట్రోలు బాగా తాగుతుంది. మెకానిక్ మీటర్ పెట్టి చూస్తే ఫుల్ థ్రాటిల్‌లో ఖాళీ తెప్పకి 5400, లోడుతో 4700 ఆర్‌పిఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) వచ్చింది. మాన్యువల్‌లో 5000 నుంచి 6000 అని రాసి ఉంది. షాపువాళ్లు 12 పిచ్ వేసుకో, స్పీడ్ పెరుగుతుంది అంటున్నారు. వెయ్యమంటారా మేస్త్రీ గారూ?

జవాబు: వెయ్యొద్దు తమ్ముడూ. నీ తెప్పకి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. మీటర్ పెట్టించి చూడటం చాలా మంచి పని చేశావు. ఆ రెండు అంకెలు చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే.

ప్రొపెల్లర్ మీది మొదటి అంకె వెడల్పు, అంటే రెక్కల చివర్లు గీసే వృత్తం ఎన్ని అంగుళాలో చెబుతుంది. రెండోది పిచ్. నీళ్లు జారకుండా ఉంటే ఒక్క చుట్టుకి ప్రొపెల్లర్ ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో ఆ లెక్క. పిచ్ ఎక్కువుంటే స్పీడ్ అని షాపులో అనేది ఇక్కడినుంచే వస్తుంది. కానీ ఆ చుట్టు తిప్పే బలం ఇంజిన్‌కి ఉండాలి కదా. నిండు లోడుతో ఉన్న లారీని ఘాట్ రోడ్డులో టాప్ గేరులో ఎక్కించినట్టు ఉంటుంది నీ ఇంజిన్ పరిస్థితి ఇప్పుడు.

ఒక లెక్క చెబుతాను. నీ సైజు మోటార్లలో గేరు సుమారు 2.08కి 1 ఉంటుంది. ఇంజిన్ 5500 తిరిగితే ప్రొపెల్లర్ 2640 పైచిలుకు తిరుగుతుంది. 9 అంగుళాల పిచ్ అయితే కాగితం మీద గంటకి 36 కిలోమీటర్లు. నిండు లోడుతో ఉన్న నీ తెప్ప అందులో సగం వెళ్లినా గొప్పే. మిగతాదంతా నీళ్లలో జారిపోతుంది. అందుకే బరువు తెప్పకి పిచ్ పెంచితే స్పీడ్ రాదు, ఇంజిన్ మీద భారం మాత్రమే పెరుగుతుంది. ఆర్‌పిఎం అందక ఫుల్ థ్రాటిల్‌లో గంటల తరబడి లాగే ఇంజిన్‌లో కార్బన్ పేరుకుంటుంది, పిస్టన్ వేడెక్కుతుంది. మోటార్ల జీవితం చాలావరకు ఇలాగే తగ్గిపోతోంది, నాకు నిజంగా బాధగా ఉంటుంది. లక్షలు పోసి కొన్న మోటారు!

పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పిఎం సుమారు 150 నుంచి 200 పెరుగుతుంది. నువ్వు 9¼ × 8 వేసుకో. రెండున్నర అంగుళాలు తగ్గినట్టు. లోడుతో 5100 దగ్గరికి వస్తావు, ఖాళీగా 5800 లేదా 5900. రెండూ మాన్యువల్ చెప్పిన హద్దులోనే. అదే 12 వేస్తే లోడుతో 4400 చుట్టూ పడిపోతావు. లోడుతో కిందగీత దాటాలి, ఖాళీగా పైగీత దాటకూడదు. ప్రొపెల్లర్ మార్చాక కూడా ఇలా రెండు విధాలా కొలిచి చూడు.

కొనే ముందు మాత్రం తెప్పని ఒడ్డుకి లాగి అడుగు చూడు. నాచు, గుల్లలు పట్టి ఉంటే అదే ఆర్‌పిఎంని తినేస్తుంది. గీకి శుభ్రం చేశాక మళ్లీ మీటర్ పెట్టు. అలాగే ప్రొపెల్లర్‌కి కాస్త పైన, మోటారులో నీళ్లలోకి దిగే కాలికి (లెగ్) అడ్డంగా ఒక ప్లేటు ఉంటుంది చూడు, అది తెప్ప అడుగు మట్టానికి సమానంగానో, ఒక అంగుళం కిందో ఉండాలి. అంతకంటే పైకి ఉంటే అల తోక భాగాన్ని లేపినప్పుడల్లా ప్రొపెల్లర్ గాలి పీలుస్తుంది, ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది. ఈ తేడాలకి ప్రొపెల్లర్ మార్చి లాభం లేదు.

వెడల్పు పెంచుకుందామని చూడకు, ఆ ప్లేటుకి తగులుతుంది. నాలుగు రెక్కలది దొరికితే అలల్లో పట్టు బాగుంటుంది, ఆర్‌పిఎం కొద్దిగా తగ్గుతుంది, కాబట్టి పిచ్ ఇంకాస్త తక్కువది చూసుకో. స్టీలు ప్రొపెల్లర్ జోలికి మీరు పోకండి. మీకు నది సముద్రంలో కలిసే మొగ దాటాలి, అక్కడ ఇసుక మేటలు వేస్తుంది. అల్యూమినియం అయితే మేట తగిలి రెక్క వంగుతుంది, అంతటితో పోతుంది. స్టీలు వంగదు, ఆ దెబ్బ గేరు పళ్ల మీద పడుతుంది. పాతది పారేయకుండా తెప్పలోనే ఉంచు, ఒక స్పానర్, ప్రొపెల్లర్ నట్టు ఊడకుండా పట్టే కొత్త కాటర్ పిన్ దానితో పాటు కట్టిపెట్టు.

ప్రశ్న: నాగాయలంక నుంచి రాస్తున్నాను. థ్రాటిల్ ఇస్తే ఇంజిన్ గట్టిగా తిరుగుతోంది, పడవ మాత్రం నెమ్మదిగానే వెళ్తోంది. ప్రొపెల్లర్ రెక్కలు బాగానే ఉన్నాయి. ఏం చెయ్యాలండి?

జవాబు: రెక్కలు కాదండి, లోపలి రబ్బరు చూడండి. చాలా ప్రొపెల్లర్లలో షాఫ్ట్‌కి పట్టుకునే ఇత్తడి బుష్‌కి, రెక్కలున్న భాగానికి మధ్య రబ్బరు ఉంటుంది. ఏదైనా తగిలితే అది జారి గేర్లని కాపాడుతుంది. ఒకసారి జారడం మొదలయ్యాక లోడు పడ్డప్పుడల్లా జారుతుంది.

ప్లగ్ వైరు తీసేసి ప్రొపెల్లర్ విప్పండి. వెనక వైపు నుంచి బుష్ మీద మొదలుపెట్టి రబ్బరు మీదుగా బయటి అల్యూమినియం దాకా పర్మనెంట్ మార్కర్‌తో ఒక నిలువు గీత గీయండి. బిగించి ఫుల్ థ్రాటిల్ ఇస్తూ కాసేపు తిరిగి రండి. మళ్లీ విప్పితే గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తే రబ్బరు పోయింది. కొత్త ప్రొపెల్లర్ వచ్చేదాకా సగం థ్రాటిల్ దాటకండి, ఇంటికి చేరుస్తుంది.

విప్పినప్పుడే షాఫ్ట్ మొదట్లో నైలాన్ దారం చుట్టుకుందేమో చూడండి. అది వేడికి కరిగి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలుని కోసేస్తుంది, గేర్ ఆయిల్లోకి ఉప్పునీళ్లు పోతాయి. గేరు పెట్టె కింది స్క్రూ కొద్దిగా వదులు చేసి వేలి మీద ఒక చుక్క ఆయిల్ పట్టండి. తెల్లగా మజ్జిగలా ఉంటే సీలు మార్చేదాకా వేటకి వెళ్లకండి. తిరిగి బిగించేటప్పుడు షాఫ్ట్ పళ్లకి మెరైన్ గ్రీజు రాయండి, లేకపోతే వచ్చే సీజన్‌కి ప్రొపెల్లర్ ఊడిరాదు.