తిరుగుబాటు దేవదూత ఎవరితో మాట్లాడుతున్నాడు?

మిత్రునికి ఆశీస్సులు.

పదిహేడో శతాబ్దపు ఆంగ్లకవి మిల్టన్ కావ్యం ‘పారడైజ్ లాస్ట్’ మీద మీరు పంపిన వ్యాసం చదివాను. దేవుడిపై తిరగబడి నరకంలో పడ్డాక, ఓడిన తన సేన ఎదుట మాట్లాడబోయిన సైతానుకు మూడుసార్లు కన్నీళ్ళు అడ్డుపడిన ఘట్టం మీ కంట పడినందుకు సంతోషించాను. అయితే ఆ పేరా ముగియకముందే, స్వర్గంలో సేవ చేయడంకన్నా నరకాన్ని ఏలడమే మేలన్న అతని పలుకును ఎత్తి చూపి, “ఇదే మిల్టన్ తత్త్వం” అని తేల్చేశారు. నా చేత ఈ ఉత్తరం రాయించింది ఆ వాక్యమే.

కావ్యంలో ఒక పాత్ర అన్న మాటను కవి సిద్ధాంతంగా స్వీకరించేముందు, ఆ మాట ఎక్కడ, ఏ స్థితిలో, ఎవరు వింటుండగా వచ్చిందో చూడాలి. నేను ఇన్నేళ్ళుగా పట్టుకుని ఉన్న నమ్మకం ఇది. దీన్ని వదులుకునే ఉద్దేశం నాకు లేదు. మీరు ఎత్తి రాసిన పలుకు మొదటి సర్గలోది. సైతాను మంటల సరస్సు నుంచి ఒడ్డు చేరి, పక్కనున్న తన అనుచరుడు బీల్జెబబ్ వింటుండగా అన్నది. అంతకుముందే, అతని మొదటి ప్రసంగం ముగిసిన వెంటనే, పైకి గొప్పలు పలుకుతున్నా లోపల నిరాశ అతణ్ణి చిత్రవధ చేస్తోందని కవి తన గొంతుతో చెప్పి ఉన్నాడు. ఆ రెండు పంక్తులను మీరు దాటవేశారు.

నాలుగో సర్గకు రండి. సైతాను నరకం నుంచి భూమికి వచ్చి దిగిన నిఫాటీస్ పర్వతం మీద వినేవారెవరూ లేరు. సూర్యుణ్ణి ఉద్దేశించి మాట్లాడుతూ సైతాను, తనను సృష్టించింది దేవుడేననీ, ఆ సేవ కష్టమైనది కాదనీ, తీర్చేకొద్దీ మిగిలిపోయే కృతజ్ఞతా ఋణాన్నే తాను భరించలేకపోయాననీ ఒప్పుకుంటాడు. ఎటు పారిపోయినా నరకమే, తానే నరకం అంటాడు. ఈ సూర్య సంబోధనలోని కొన్ని పంక్తులను, కావ్యం మొదలుకావడానికి కొన్నేళ్ళ ముందే, ఒక విషాద నాటకానికి ఆరంభంగా తనకు చూపించారని మిల్టన్ మేనల్లుడు ఎడ్వర్డ్ ఫిలిప్స్ రాశాడు. అంటే ఈ పాత్ర తొలి రూపాల్లో ఒకటి, రంగస్థలం మీద ఒంటరిగా నిలబడి మాట్లాడే మనిషి గొంతు.

ఆ తరువాత వచ్చే ఐదో సర్గలో, తిరుగుబాటు సభలో అబ్దియేలు అనే దేవదూత లేచి, మనల్ని సృష్టించినవాడికే ఎదురు తిరుగుతామా అని నిలదీస్తే, ఆ సృష్టిని ఎవరు చూశారు, మనల్ని మనమే పుట్టించుకున్నాం అని సైతాను జవాబిస్తాడు. కథాకాలంలో ఈ సభ ముందు జరిగింది, పర్వతం మీది ఒప్పుకోలు తరువాతిది. మిల్టన్ వరుస మార్చి ఒప్పుకోలును ముందు వినిపించాడు కాబట్టి, సభలోని బుకాయింపును మనం నిజం తెలిసే వింటాం. కావ్యంలోని తత్త్వం ఈ అమరికలో ఉంది. తన పుట్టుకకు మరొకరు కారణమని ఒప్పుకుంటే స్వేచ్ఛ తరిగిపోతుందా? తరిగిపోతుందని సైతాను భావించాడు. అబ్దియేలు అలా భావించలేదు.

తిరుగుబాటును అంతగా కీర్తించిన మీ వ్యాసంలో అబ్దియేలు పేరైనా లేకపోవడం నన్ను బాధించింది. వేలమంది ఒకవైపు ఉంటే ఒక్కడే కాదని చెప్పి, వారి తిరస్కారం మధ్య నుంచి నడిచి వెళ్ళిపోయినవాడు అతను. 1660లో ఇంగ్లండులో రాచరికం తిరిగివస్తున్న వేళ గణతంత్రం కోసం కరపత్రం ప్రచురించిన మిల్టన్‌కు ఒంటరి గొంతు అంటే ఏమిటో తెలుసు. కావ్యంలో కవిని వెతకదలచినవారు ఇతని దగ్గరా ఆగాలి.

మీరు ముందుమాటగా పెట్టుకున్న ఆంగ్లకవి బ్లేక్ వాక్యం, మిల్టన్ తనకు తెలియకుండానే దయ్యం పక్షం వహించాడన్నది, ఆయన ‘ది మ్యారేజ్ ఆఫ్ హెవెన్ అండ్ హెల్’లో ‘దయ్యం గొంతు’ అన్న శీర్షిక తరువాతి పుటల్లో వస్తుంది. అక్కడ కూడా మాట్లాడుతున్నది ఎవరని అడగాలి. దేవుడి పక్షమే సరైనదని మీరు ఒప్పుకోవాలని నేను అనడం లేదు. ఆంగ్ల విమర్శకుడు విలియం ఎంప్సన్ 1961లో ఈ కావ్యంలోని దేవుణ్ణే దోషిగా నిలబెట్టి పుస్తకం రాశాడు. ఆయన తీర్పుతో నాకు పేచీ ఉన్నా, పాత్రల మాటలను పట్టుకుని వాదించినందుకు ఆయనంటే గౌరవం.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో, పగలంతా ఉద్యోగం చేసి రాత్రుళ్ళు ఈ ప్రసంగాలను పైకి చదువుకుని వ్యాసం రాస్తే, ఒక సంపాదకుడు ఉదాహరించిన పంక్తులన్నీ కొట్టేసి, పాఠకులకు సారాంశం చాలన్నాడు. ఆ పంక్తులు పోగా వ్యాసంలో మిగిలినవి నా అభిప్రాయాలు మాత్రమే. వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాను. అది పూర్తిగా అచ్చవడానికి చాలా ఏళ్ళు పట్టింది. కవి ఏ పక్షమో మొదటి వాక్యంలోనే చెప్పమనే సంపాదకులు ఇప్పుడూ ఉన్నారు. సిద్ధాంతం పేరు ముందు రాసుకుని, దానికి సరిపడే పంక్తులను ఏరుకొచ్చే విమర్శ ఇప్పటి ఫ్యాషన్. చూపు పూర్తిగా కోల్పోయిన కవి నోటితో చెప్పి రాయించిన కావ్యాన్ని చెవితో వినకుండా చదివేవారిని చూస్తే నాకు కోపం ఆగదు.

ఏ పత్రికకు పంపాలని అడిగారు. ఆ సంగతి ఇప్పుడు వద్దు. ముందు నిఫాటీస్ ప్రసంగాన్నీ, ఐదో సర్గ చివర అబ్దియేలు వాదాన్నీ ఒకే రోజు పైకి చదవండి. పదో సర్గలో సైతాను, తొలి మానవులను పాపంలో పడేసి, విజయగర్వంతో నరకానికి తిరిగివచ్చి ప్రశంసలకై ఎదురుచూసినప్పుడు, సభ నిండా పాముల బుసలే వినిపించిన చోటును కూడా చదవండి. అప్పుడు వ్యాసంలో మూడో భాగాన్ని తిరగరాసి నాకు పంపండి.