ప్యాచ్ పటపటమంటే ముందు ఎఫ్3 నొక్కు

తమ్మీ, హన్మకొండల బతుకమ్మ చప్పట్ల కోసం వీసీవీ ర్యాక్ 2ల (కంప్యూటర్ల మాడ్యూళ్లను కేబుళ్లతోని కలిపి ధ్వనులు చేసే సాఫ్ట్‌వేర్) కట్టిన ప్యాచ్, అంటే ఆ మాడ్యూళ్ల అల్లిక, పటపటమంటున్నది, కొత్త ల్యాప్‌టాప్ కొనాల్నా అని అడిగినవ్. వద్దు, పైసలు ఆగం చేసుకోకు. ఎఫ్3 నొక్కు, ఏ మాడ్యూల్ ప్రాసెసర్‌ను ఎంత తింటున్నదో దాని మీదనే కనబడతది. చూసినంక ఆపెయ్, ఆ మీటరు కూడ కొంత తింటది.

నీ ప్యాచ్‌ల అసలు బరువు ఆ 16 చానెళ్ల పాలీ కేబులే (ఒక్క తీగల ఎన్నో గొంతులు మోసేది) అనిపిస్తున్నది. అది పోయిన ప్రతి ఫిల్టర్ ఒక్కో చానెల్‌కు విడిగ లెక్క చేస్తది. చప్పట్లకు 4 గొంతులు చాలు, నిజంగ! శాంపుల్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు లెక్క చేస్తదో అది) 96 నుంచి 48 కిలోహెర్ట్జ్‌కు దించు, పని దాదాపు సగమైతది. థ్రెడ్లు (ప్రాసెసర్ల పనిని పంచుకునే పాయలు) ఊకె పెంచకు, వేడెక్కుతది. వెనుక మోగే శ్రుతి మారదు గదా, దాన్ని రికార్డు చేసి శాంప్లర్‌ల (రికార్డును మోగించే మాడ్యూల్) పెట్టి, శ్రుతి చేసే మాడ్యూళ్లు తీసెయ్.